సూర్యం గారు గీకిన చోటు

మా గేటుకి రంగు వేస్తున్నారు. పొద్దున్నించీ ఇల్లంతా ఎనామిల్ పెయింటు వాసన, దాని వెనకాలే టర్పెంటైన్ వాసన. కిటికీలు మూసినా సందుల్లోంచి వస్తూనే ఉంది. పనివాడు పాపం మంచివాడే, బ్రష్షు ముంచి ఊచ ఊచకీ ఓపిగ్గా పూస్తున్నాడు, అతని తప్పేమీ లేదు. నాకే ఆ వాసన పడదు, ముప్ఫై ఏళ్ళు దాటినా పడదు. ఏలూరులో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపులకి వార్నిష్ చాలు, రంగులొద్దని పట్టుబడితే మా ఆయన ‘నీకేదో పిచ్చి’ అని నవ్వాడు. ఈ ఏడాది గేటు తుప్పు పట్టి రాలిపోయేలా ఉంటే ఇక తప్పలేదు.

వరండాలో కుర్చీ వేసుకుని నాన్న ఆ పని చేయిస్తున్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు, అమ్మ పోయినప్పటినుంచీ మా దగ్గరే ఉంటున్నారు. క్రిస్మస్ దగ్గర పడిందంటే ఆయన నోటికి వచ్చే మాట ఒకటుంది. వినేవాళ్ళు ఎవరైనా సరే, అనాల్సిందే. ఇవాళ ఆ పనివాడితోనూ అన్నారు: "తాడేపల్లిగూడెంలో సూర్యం అని ఓ మెకానిక్కు ఉండేవాడండి. వాడారోజు సరిగ్గా గీకి ఉంటే ఇవాళ నాకు మీ అంత కొడుకుండేవాడు." అతనికేం అర్థమవుతుంది, "అలాగాండీ" అని మళ్ళీ బ్రష్షు ముంచాడు. లోపలి గదిలో నేను దిండు మొహానికి అదుముకుని కూర్చున్నాను. ప్రతి ఏడూ ఇంతే, ఆ మాట వినపడగానే నోరు తెరవాలనిపిస్తుంది, తెరవలేను.

మాది కొల్లేటి లోపలి ఊరు. కొల్లేటికోట దాటి, చేపల చెరువుల గట్ల మీదుగా ఇంకా చాలా దూరం వెళ్ళి, ఇక ముందు ఊరనేదే ఉండదనుకున్న చోట, మట్టి దిబ్బ మీద నలభై యాభై ఇళ్ళు, ఒక రేకుల బడి, దొరలు కట్టించిన సున్నపు గోడల చర్చి. వానాకాలంలో నీళ్ళు మా మెట్ల దాకా వచ్చి, గుర్రపుడెక్క ఆకులు అరుగు కింద చేరి, వాటి మీద నీటిపాములు తలలెత్తి చూసేవి. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో దిగి పొద్దస్తమానం ఒకటే గోల. ఎండాకాలంలో బురద ఎండి పలకలు పలకలుగా పగిలి, ఆ పగుళ్ళలోంచి పాత చేపల కంపూ, వేడి మట్టి వాసనా కలిసి వచ్చి మా బట్టల్లోకీ, పుస్తకాల్లోకీ, అన్నంలోకీ దూరేవి. ఆ పలకల మీద మేము తొక్కుడు బిళ్ళ ఆడేవాళ్ళం. గీతలు గియ్యక్కర్లేదు, గళ్ళు దేవుడే గీసి పెట్టాడనేది నాయనమ్మ.

నాయనమ్మ సంగతి వేరే చెప్పాలి. తెల్లారకుండానే లేచి దండకం చదివినట్టు కీర్తన పాడుతూ వాకిలి ఊడ్చేది, తొమ్మిదయ్యేసరికి పెరట్లో గోడచాటుకి వెళ్ళి చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది, దేవుడికి ఆ గోడచాటు కనపడదన్న ధైర్యం ఆవిడకి. కొర్రమేను పులుసు పెడితే మర్నాటికి గాని ముట్టనిచ్చేది కాదు. ఇంట్లో ఎక్కడైనా తుప్పు కనిపిస్తే మాత్రం ఊరుకునేది కాదు. కొల్లేటి గాలికి ఇనుమన్నది నిలవదు, బకెట్టు కాడైనా, ట్రంకు పెట్టె మూలైనా మూడు నెలల్లో ఎర్రగా పొడిపొడి అయిపోతుంది. ఆ పొడి వేలికి అంటితే చాలు, ఆ వేలు పైకెత్తి ఇల్లంతా తిరిగేది.

నా తర్వాత అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. ఇద్దరూ నెల ముందే వచ్చారు. ఒకసారి నొప్పులొస్తే పడవలోనే అయిపోయింది, రెండోసారి కైకలూరు బస్టాండులో బస్సు కోసం చూస్తూ చూస్తూ అయిపోయింది. మూడోసారి కడుపుతో ఉందని తెలిసినప్పుడు మా ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు, అందరూ భయపడ్డారు. ఏలూరులో డాక్టరమ్మ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మేష్టారూ, నొప్పులు మొదలైన గంటన్నరలో ఈవిడ నా దగ్గరుండాలి. ఆలస్యమైతే ఎవరు దక్కుతారో చెప్పలేను" అందట. జనవరి నెలాఖరుకి తేదీ ఇచ్చింది. క్రిస్మస్ వెళ్ళగానే అమ్మని తాడేపల్లిగూడెంలో పుట్టింటికి పంపించేద్దామని, ఈలోగా ఏమైనా అయితే నాన్న మోటారు సైకిలే దిక్కని అనుకున్నారు.

ఆ బండి నాకంటే పెద్దది. బడి పంతులుకి అంతకంటే ఏం వస్తుంది, ఎవరో వాడి వదిలేసినది. ఆరు ఓల్టుల కాలంది. దాని లైటు వేస్తే వెలిగిందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవాలి, హారను కొడితే జలుబు చేసిన కప్ప కూసినట్టుండేది. బ్యాటరీలో కరెంటు లేకపోతే ఇంజనే లేవని బండి అది. పొద్దున్నే నాన్న కిక్కు మీద కిక్కు కొడుతుంటే వీధిలో పిల్లలంతా చేరి లెక్కపెట్టేవాళ్ళు. డాక్టరమ్మ ఆ మాట అన్న రోజు నుంచీ పిల్లలు లెక్కపెడుతుంటే నాన్న చెయ్యెత్తి తరిమేవారు. అంతకుముందెప్పుడూ ఆయన పిల్లల మీద చెయ్యెత్తడం నేను చూడలేదు.

దసరా సెలవుల్లో బండినీ, మమ్మల్నీ గూడెం తీసుకెళ్ళారు. అమ్మమ్మ గారి వీధి చివర రేకుల షెడ్డులో సూర్యం గారని పాత బళ్ళు బాగుచేసే ఆయన ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, మాట కూడా అలాగే సన్నగా సాగదీసి మాట్లాడేవారు. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు ‘ఎర్తు చూద్దావండి’ అనేవారట, అందుకని గూడెమంతా ఎర్తు సూర్యం గారనే పిలిచేవాళ్ళు. ఆయనకి ఆ పేరంటే గర్వంగానే ఉండేది. నాన్న బండి సంగతికంటే ముందు అమ్మ సంగతి చెప్పారు. ఆయన విని, చేతులు గుడ్డకి తుడుచుకుని, "ఆరు ఓల్టులు తీసేద్దావండి మేష్టారూ. పన్నెండు పెడదాం. మూడ్రోజులు నాకు వదిలెయ్యండి. కిక్కు కొడితే లేచి తీరాల్సిందేనండి" అన్నారు.

ఆ మూడ్రోజులూ నేను ఆ షెడ్డు వదిలితే ఒట్టు. రాగి తీగ మెరుస్తూ కొత్త కాయిలు, దాని పక్కన ఇంజన్లో పుట్టిన కరెంటుని సరిచేసి బ్యాటరీకి పంపే అల్యూమినియం డబ్బా, బరువైన కొత్త బ్యాటరీ, కొత్త బల్బులు, కొత్త హారను అన్నీ గోనె మీద వరసగా పరిచి, పాతవి ఒకటొకటే విప్పి పక్కన పెడుతుంటే, ఆ పుల్లటి యాసిడ్ వాసనలో గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. ఆయన భార్య అనసూయ గారు మధ్యలో వచ్చి నా చేతిలో జంతికలు పెట్టి, "ఈ పిల్లని కూడా పనిలో పెట్టేసుకున్నారేంటండీ" అని నవ్వుతూ వెళ్ళేవారు.

ఆఖరి రోజు సీటు కింద, ఫ్రేము మీద, ఒక బోల్టు ఉన్న చోట ఆయన ఆకురాయితో గీకడం మొదలెట్టారు. నల్లటి పెయింటు లేచిపోయి, కింద తుప్పు, ఆ తుప్పు కింద ఇనుము. తర్వాత గరుకు కాగితం పెట్టి రుద్ది రుద్ది రూపాయి బిళ్ళంత మేర తళతళలాడించారు. ఎందుకండీ బండిని పాడుచేస్తున్నారని అడిగాను. ఆయన నవ్వలేదు. బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి, బల్బు పట్టుకుని, వైరు కొసని పక్కనున్న పెయింటు మీద ఆనించారు. వెలగలేదు. గీకిన చోట ఆనించారు. భగ్గున వెలిగింది. "చూశావా కరుణమ్మా? కరెంటు వెళ్ళే దారి అందరూ చూస్తారు. అది తిరిగి రావాలి కదా, ఆ దారి ఎవరూ చూడరు. ఇదే ఆ దారి, ఎర్తంటే ఇదే. దీని మీద ఏదీ అడ్డు రాకూడదు" అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. నాకు అంత విడమరిచి చెప్పిన మనిషి ఆయన.

బ్యాటరీ వైరూ, ఆ డబ్బా వైరూ రెండూ ఆ బోల్టుకే బిగించి, పైన వాజలైన్ పూశారు. నాన్న ఒక్క కిక్కు కొడితే బండి లేచింది. హారను నొక్కితే వీధిలో మేకలు చెల్లాచెదరయ్యాయి. తిరుగు దారిలో దెందులూరు దగ్గర సందెపొద్దులో లైటు వేస్తే రోడ్డు ఆ చివరి దాకా కనపడింది, వెనక కూర్చున్న అమ్మ నాన్న భుజం మీద గడ్డం ఆనించి, "ఏవండీ, ఈసారి మనకి దక్కుతాడండి" అంది. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆ తర్వాత రెండు నెలలూ నాన్న ఆదివారం ఆరాధన కాగానే వాచీ చూసుకుని ఏలూరు దాకా వెళ్ళి వచ్చేవారు, ఎంతసేపు పడుతుందో చూసుకోడానికి. ప్రతిసారీ గంటంపావు లోపే.

డిసెంబరు వచ్చింది. మా ఊళ్ళో క్రిస్మస్ అంటే ముందు రంగులే. గోడలకి సున్నం, తలుపులకి నీలం, కిటికీ ఊచలకి నలుపు. ఇంటికి వేసిన రంగు డబ్బాలో అడుగున మిగిలింది పారబొయ్యకూడదు, అది మంచాల కోళ్ళకీ, పీటలకీ, ట్రంకు పెట్టెకీ, సైకిలుంటే సైకిలుకీ, ఇంట్లో ఉన్న ప్రతి ఇనప ముక్కకీ అందాలి. తుప్పుతో పండగ చెయ్యడమంటే చిరిగిన బట్టతో చర్చికి వెళ్ళడమే మా వాళ్ళకి. ఒక పక్క గులాబీ పువ్వుల అచ్చు నూనెలో చుయ్యిమంటూ, అరిసెల పాకం వాసన వీధంతా కమ్ముకుని, వెదురుబద్దలతో కట్టిన కాగితం నక్షత్రాలు ఇంటింటి చూరుకీ ఊగుతూ ఉంటే, ఆ అడుగు రంగు పూసే పని పిల్లలది. దానికోసం మేము కొట్టుకు చచ్చేవాళ్ళం. ఆ ఏడు మా ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి మొత్తం నాదే.

పండగ ముందు శనివారం నాన్న బండి కడిగి, బ్యాటరీలో నీళ్ళు పోద్దామని సీటు తీసి, ఎర్తు బోల్టు విప్పి, వైర్లు పక్కకి పెట్టి, బ్యాటరీ ఎత్తి అరుగు మీద పెట్టారు. ఇంతలో చర్చి దగ్గర పందిరి వేస్తున్నాం రమ్మని ఎవరో కేకేస్తే వెళ్ళారు. నేను నల్ల రంగు డబ్బా పట్టుకుని కిటికీ ఊచలు ముగించి, ఇంకేముందా అని చూస్తున్నాను. బండి పక్కన నాయనమ్మ నిలబడి, ఎవరితోనూ కాకుండా తనలో తను గొణుగుతోంది, "ఇదిగో, ఇక్కడా పట్టేసింది ముదనష్టపు తుప్పు" అని. వంగి చూశాను. సూర్యం గారు గీకిన చోట వాజలైన్ కారిపోయి, తళతళలాడిన ఇనుము మీద చిన్న ఎర్ర మచ్చ. అమ్మకోసం చేసిన చోటది, తుప్పు పట్టనివ్వచ్చా? శుభ్రంగా తుడిచి, ఒక పూత వేశాను. ఎండలో ఆరాక ఇంకో పూత వేశాను. వైరు చివర గుండ్రటి రేకుంటుంది కదా, దానికీ రెండు వైపులా వేశాను. ఎంత శ్రద్ధగా వేశానో ఆ దేవుడికే తెలుసు.

మరి ఆ బల్బు? వెలగకపోవడం చూసిందాన్ని, చప్పట్లు కొట్టిందాన్ని. ఎలా మర్చిపోయానని నన్ను నేను ఎన్ని వేల సార్లు అడిగానో. పదేళ్ళ పిల్లకి పండగ ముందర రంగు చేతికొస్తే ఇంకేదీ గుర్తుండదు, అంతే. నాన్న హడావిడిగా వచ్చి నలుపు మీద నలుపు గమనించకుండా బోల్టు బిగించేశారు. బోల్టు మరల్లోంచి కరెంటుకి ఏదో కాస్త సందు దొరికి బండి లేచింది గాని, బ్యాటరీ నిండటం మానేసింది. పండగ రోజుల్లో రెండు మూడు కిక్కులు పట్టింది. "చలి కదా" అన్నారు నాన్న.

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు పొద్దున, ఎదురుగా మనిషి కనపడనంత పొగమంచు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి తలుపు పట్టుకుని, "ఏవండీ... ఏవండీ..." అంది. ఆ రెండో ‘ఏవండీ’తోనే అందరికీ తెలిసిపోయింది. ఐదో కిక్కుకో ఆరో కిక్కుకో బండి లేచింది. నాయనమ్మ లావు మనిషి, బండి మీద పట్టదు. అమ్మని వెనకనుంచి పట్టుకోడానికి నన్నెక్కించారు. "గట్టిగా పట్టుకో కరుణా, పడిపోనివ్వకు" అన్నారు నాన్న. మంచుకి లైటు వేసి, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకోవాలని హారను మోగిస్తూనే ఉన్నారు.

ఊరు దాటి రెండు గట్లు మళ్ళాక లైటు ఎర్రబడింది. పక్కకి వంగి నేను చూస్తూనే ఉన్నాను, పసుపుగా, తర్వాత ఎర్రగా, తర్వాత బీడీ కొసంత. హారను గొంతు పూడుకుపోయింది. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. అటు చెరువు, ఇటు చెరువు, మధ్యలో బండి పట్టేంత గట్టు, చుట్టూ మంచు. నాన్న కిక్కు కొట్టారు. కొట్టారు. చెప్పు తెగిపోయింది, ఉత్త కాలితో కొట్టారు. బండిని పరిగెత్తిస్తూ తోసి చూశారు, అది కదిలింది గాని లేవలేదు. అమ్మ గడ్డి మీద కూలబడి, నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని, పళ్ళు బిగబట్టి, "చెయ్యి వదలకే తల్లీ" అంటోంది. నాన్న ఇటు పది అడుగులు పరిగెత్తి, మమ్మల్ని వదల్లేక వెనక్కొచ్చి, అటు పరిగెత్తి, మళ్ళీ వచ్చి, చెరువుల మీదికి "ఎవరండీ! ఎవరైనా ఉన్నారండీ!" అని అరిచారు. గొంతు పగిలిపోయింది ఆయనకి. క్రిస్మస్ గౌను ఎవరికైనా ఇచ్చేస్తాను ప్రభువా, గులాబీ పువ్వులు జన్మలో తినను ప్రభువా అని నేను మొక్కుకుంటూ కూర్చున్నాను.

చాలాసేపటికి మంచులోంచి దోనెలో చెరువు కాపలా మనిషి వచ్చాడు. చూసి, దోనె తిప్పుకుని వెళ్ళి, చేపల మేత తోలే ట్రాక్టరు పంపించాడు. ట్రాక్టరులో కైకలూరు రోడ్డు దాకా, అక్కణ్ణుంచి ఐసు వ్యానులో ఏలూరు. మేత బస్తాల మీద అమ్మ తల నా ఒళ్ళో పెట్టుకుని ఉంది, ఏడవడం కూడా మానేసింది.

మగపిల్లాడు. ఊపిరి లేదు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, "ఒక్క అరగంట, మేష్టారూ" అంది. అమ్మ దక్కింది, ఇక పిల్లలు పుట్టరని చెప్పారు. నాన్న ఆస్పత్రి గోడకి తల ఆనించి నిలబడిపోయారు, ఎవరు పిలిచినా ఇటు తిరగలేదు.

వారానికి అమ్మని గూడెం చేర్చాక, నాన్న ఆ బండిని చేపల వ్యానులో వేయించుకొచ్చి సూర్యం గారి షెడ్డు ముందు దింపారు. నేను వెనకే ఉన్నాను. "ఏం చేశావయ్యా నువ్వు? లేచి తీరాల్సిందే అన్నావే! నా కొడుకుని చంపేశావు కదయ్యా!" నాన్న ఎవర్నీ ఏకవచనంలో పిలవని మనిషి. వీధంతా పోగైంది. సూర్యం గారు తెల్లబోయి, వంగి సీటు తీశారు. బోల్టు విప్పారు. వైరు చివర రేకు తిప్పి చూశారు. బొటనవేలి గోరుతో గీరారు. నల్ల రంగు పెచ్చు లేచింది, అందులో బ్రష్షు వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది.

"దీనికి రంగెవరు వేశారండీ?" అన్నారు మెల్లగా. "రంగేంటి? రంగెవరు వేస్తారు?" అని నాన్న అరిచారు. అప్పుడు నాకు ఆ బల్బు గుర్తొచ్చింది. కిందికి చూశాను, నా కుడి చెప్పు మీద మూడు నల్ల చుక్కలు. తలెత్తేసరికి సూర్యం గారు కూడా ఆ చెప్పు వైపే చూస్తున్నారు. తర్వాత నా మొహం చూశారు. ఎంతసేపు చూశారో! నాన్న ఆయన చొక్కా పట్టుకుని ఊపుతున్నారు. ఆయన ఆ రేకుని గుప్పిట్లో మూసేసుకుని, "తప్పు నాదేనండి మేష్టారూ. సరిగ్గా గీకలేదు నేను" అన్నారు. నాన్న ఆయన్ని చెంప మీద కొట్టారు. ఆయన మళ్ళీ అదే మాట అన్నారు. మేము వెళ్ళిపోతూ ఉంటే నా పక్కకి వచ్చి, "వెళ్ళి అమ్మ దగ్గర కూర్చో తల్లీ" అన్నారు, అంతే.

నేను చెప్పలేదు. ఆ రోజు భయం వేసి చెప్పలేదు, తర్వాత అమ్మ మొహం చూసి చెప్పలేదు, ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నందుకు భయం వేసి చెప్పలేదు. నాన్న మళ్ళీ మోటారు సైకిలు ఎక్కలేదు. పంతుళ్ళ మీటింగుల్లో, చర్చి సభల్లో, పెళ్ళిళ్ళలో, ఎక్కడికి వెళ్ళినా ఈ కథ చెప్పేవారు. సూర్యం గారి దగ్గరికి వచ్చేదంతా పాత బళ్ళున్న పంతుళ్ళూ, పాస్టర్లే. వాళ్ళు రావడం మానేశారు. ఎర్తు సూర్యం అన్న పేరు వెక్కిరింతగా మారింది. ఎండాకాలం సెలవులకి వెళ్తే ఆయన సైకిలు పంక్చర్లు వేస్తున్నారు, ఆ పై ఏడు షెడ్డు మూసేసి రైసు మిల్లులో చేరారు. వీధిలో ఎదురైతే, "అమ్మ బాగుందా కరుణమ్మా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. నాకేసి నిష్ఠూరంగా ఒక్కసారి చూసినా బాగుండేది, నేను ఏడ్చి చెప్పేసేదాన్ని.

ఇవాళ పనివాడు వెళ్ళిపోయాక వరండాలోకి వెళ్ళి నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ లేదు, ఇక ఎవరి గుండె పగులుతుందని దాచాలి? మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నా తల మీద చెయ్యి వెయ్యబోయి, సగంలో ఆపి, "ఆయనకి తెలుసా?" అన్నారు. ఇన్నేళ్ళలో సూర్యం గారిని నాన్న ‘ఆయన’ అనడం అదే మొదలు. "తెలుసు నాన్నా. నా చెప్పు చూశారు" అన్నాను. లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చి, "గూడెం వెళ్దాం పద" అన్నారు. దారి పొడుగునా కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అమ్మమ్మ గారి వీధి గుర్తుపట్టలేం. ఆ షెడ్డు చోట మూడంతస్తుల బట్టల కొట్టు, దాని పక్క సందులో మాత్రం ఆ పాత పెంకుటిల్లు ఉంది. అనసూయ గారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నాన్నని చూడగానే లేచి నిలబడ్డారు. "ఆయన పోయి ఆరేళ్ళయిందండి మేష్టారూ. ఇంకేం అంటారు ఆయన్ని?" అన్నారు. నాన్న చేతులు జోడించారు. నేనే చెప్పాను. రంగు గురించి, చెప్పు మీద చుక్కల గురించి, గుప్పిట మూసుకోవడం గురించి.

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ ఈనె తియ్యకుండానే కింద పెట్టేశారు. "నాకు చెప్పలేదే" అన్నారు. "ఇంట్లో మనిషిని, నాకైనా చెప్పలేదే." తర్వాత నాన్న వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అన్నారు: "మీరొక్కరే కాదండి. నేనూ అన్నాను. పొయ్యి వెలగని ప్రతి రోజూ అన్నాను. పసిబిడ్డని చంపిన చేతులు, ఆ చేతులతో అన్నం ఎలా దిగుతుందయ్యా నీకు అన్నాను. మంచాన పడ్డాక కూడా, మంచినీళ్ళు పోస్తూ పోస్తూ అన్నానండి. కళ్ళు మూసుకుని తాగేవారు."

నాన్న ఆ గడప ముందు నేల మీద కూలబడిపోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. "వద్దమ్మా, కాసేపు నన్నొదిలెయ్యండి" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మేమిద్దరం బయట ఉండిపోయాం. మా ఊరి గట్ల మీద ఇప్పుడు తారు రోడ్డు ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, ఆరు ఓల్టుల బళ్ళు పాత ఇనుము కొట్లలో కూడా కనపడవు, నాయనమ్మా అమ్మా సూర్యం గారూ ఎవరూ లేరు. ‘మీ తప్పు కాదండి’ అని ఆయనతో అనగలిగిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ మాట వినకుండానే ఆయన పోయారు.